మూడున్నర రూపాయల వడ్డీ: ఒక ఇంటి సరుకుల లెక్క

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా ఊళ్లో మహిళా సంఘాల సభ్యులకి ఇంటి లెక్కల్లో సాయం చేస్తున్నాను. ఫీజు లేదు, ఆఫీసు లేదు. సంఘం మీటింగ్ అయ్యాక ఎవరికైనా కావాలంటే ఒక గంట కూర్చుంటాం. ఈ కేసు అలా వచ్చిందే. ఇంటివాళ్ల అనుమతితో రాస్తున్నాను. వాళ్లని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, లెక్కలు మాత్రం మార్చలేదు. ఇందులో నా సలహాలు మూడు వరసగా చెడిపోయాయి. రాయాలనిపించింది కూడా అందుకే.

ఇల్లు

ఉత్తర తెలంగాణలో ఒక పట్టణం. భార్యాభర్తలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. ఆయన ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. చేతికొచ్చేది 31,000, అదీ 10వ తారీఖున. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, నెలకి ఐదారు వేలు వస్తాయి. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే ఇంకాస్త ఎక్కువ. అత్తమ్మకి షుగర్, మందులు వాడుతుంది. వంట అత్తమ్మ చేతిలోనే ఉంది. ఈ చివరి మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తెల్లకార్డు లేదు. పట్టణంలో ఏడాదికి 2 లక్షల ఆదాయం దాటితే కార్డుకి అర్హత ఉండదు. కార్డు లేదు కాబట్టి రేషన్ బియ్యం, 500కి సిలిండర్, 200 యూనిట్ల దాకా జీరో కరెంటు బిల్లు ఏవీ వీళ్లకి వర్తించవు. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇలాంటి ఇళ్లే. పథకం అందేంత పేదలు కారు, ధర పెరిగితే తట్టుకునేంత ఉన్నవాళ్లూ కారు.

ఏమని వచ్చారు

2024 నవంబరు. దసరా ఖర్చులు ఇంకా తేలలేదు. ఆ వారంలోనే అక్టోబరు ధరల లెక్కలు బయటికొచ్చాయి. రిటైల్ ద్రవ్యోల్బణం 6.21 శాతం, ఆహారానిది 10.87, కూరగాయలు ఒక్కటే తీసుకుంటే 42 శాతం పైన. అంతకు రెండు నెలల ముందు, సెప్టెంబరు 14న, కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని మొత్తంగా 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. నూనె ప్యాకెట్ మీద 25, 30 రూపాయలు పెరిగిందని ఊరంతా అనుకుంటున్న రోజులు.

"మేడం, నా చేతిలో పైసలు నిలుస్తలేవు. సరుకుల బిల్లు తగ్గించే ఉపాయం చెప్పండి" అని అడిగింది ఆమె. తప్పంతా తనదే అన్నట్టు మాట్లాడింది. ఆయనేమో "రేట్లు పెరిగితే ఎవరేం చేస్తరు" అని పక్కకి చూశాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. నాకు కావాల్సింది ఎవరి మాటలో ఎంత అన్నది.

నెలకి తిండికి, ఇంటి సామానుకి 14,500 అవుతోంది. అద్దె, ఫీజులు, బండి ఈఎంఐ, చిట్టీ, మందులు, కరెంటు, పెట్రోలు అన్నీ కలిపి 24,450. మొత్తం 38,950. వచ్చేది సగటున 37,000. నెలకి 1,950 లోటు. ఆ లోటు ఎక్కడికి పోతోందని అడిగితే ఆమె ఒక్క క్షణం ఆగి, ఆయన బయటికి ఫోన్ మాట్లాడటానికి వెళ్లాక సంచిలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసింది. వీధి చివర కిరాణం షాపు ఉద్దెర ఖాతా. బాకీ 19,600. ఆయనకి తెలిసింది ఏడెనిమిది వేలే.

అప్పుడే దాని మీద గట్టిగా ఆలోచించి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. నేను మాత్రం "ముందు ఖర్చు తగ్గిద్దాం, బాకీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. బ్యాంకులో అలవాటైన వరస అది.

మూడు సలహాలు, మూడూ చెడ్డాయి

మొదటిది రోజువారీ ఖర్చు పుస్తకం. ఏ రూపాయి ఎక్కడికి పోతోందో తెలియకుండా ఎక్కడ కోయాలో చెప్పలేం అన్నది నా ఆలోచన. పదకొండు రోజులు రాసింది. పన్నెండో రోజు నుంచి ఖాళీ. కారణం కనుక్కుంటే, ఆయన రాత్రి భోజనం చేసి ఆ పుస్తకం చదువుతున్నాడట. "ఈ ముప్పై రూపాయలేంది?" అని అడిగాడట. అవి కుట్టుమిషన్ సూదులకి. ఆ మర్నాటి నుంచి ఆమె రాయడం మానేసింది. నేనూ మానేదాన్నే. పుస్తకం ఎవరు రాయాలో చెప్పాను గానీ ఎవరు చదువుతారో ఆలోచించలేదు.

రెండోది టోకుగా కొనడం. ఆయన జీతంలోంచి అడ్వాన్సు తీసుకుని 15 లీటర్ల నూనె డబ్బా, పప్పులు, సబ్బులు ఒకేసారి తెచ్చారు. ప్యాకెట్ 148 ఉంటే డబ్బాలో లీటరు 142 పడింది. మొత్తం మీద 90 రూపాయలు మిగులు. నెల తిరిగాక చూస్తే డబ్బాలో మిగిలింది 8 లీటర్లు. అంతకుముందు నెలకి ఐదు ప్యాకెట్లు వాడే ఇల్లు ఏడు లీటర్లు వాడేసింది! 90 మిగిలిన చోట 284 పోయాయి. ప్యాకెట్ అయితే అయిపోయినప్పుడు కనిపిస్తుంది, డబ్బా అడుగు ఎవరికీ కనిపించదు. ఇంకో సంగతి కూడా ఉంది. డబ్బంతా సరుకుల రూపంలో అల్మారాలో కూర్చుంది. 20వ తారీఖుకి పాలవాడికి ఇవ్వడానికి లేదు. అందుకని పెరుగు, గుడ్లు మళ్ళీ ఉద్దెర. టోకు ధర లాభమే, కానీ చేతిలో నెల మొత్తానికి సరిపడా డబ్బున్నవాళ్లకి.

మూడోది తల్చుకుంటే ఇప్పటికీ నాకు బాగోదు. పాలు రోజుకి లీటరున్నర పోయించుకునేవాళ్లు. లీటరు చాలదా అన్నాను. లీటరు 60 లెక్కన నెలకి 900 కలిసొస్తుంది, కాగితం మీద అంత సులువుగా తగ్గేది ఇంకోటి లేదు. తగ్గించారు. మూడు వారాల తర్వాత వాళ్లింటికి వెళ్తే చిన్నపాప చెప్పింది: "నానమ్మ ఇప్పుడు చాయ్ తాగది, మజ్జిగ గూడ పోసుకోది." ఎవరూ ఆమెని మానమనలేదు. ఇంట్లో ఏదైనా తగ్గితే ముందుగా తన గిన్నె పక్కకి జరుపుకునే మనుషులు ఉంటారు. ఆ మనిషికి షుగర్ కూడా ఉంది. అదే సమయంలో పిల్లలు బడి నుంచి వస్తూ షాపు దగ్గర చిప్స్ ప్యాకెట్లు రాయించుకోవడం మొదలుపెట్టారు. 900 మిగిలిందా అంటే, ఖాతా చూస్తే 500 దాకా ఆ ప్యాకెట్లే తిన్నాయి. పాలు మళ్ళీ లీటరున్నర చేయమని చెప్పి వచ్చేశాను.

ఖాతా పుస్తకం చదివాను

డిసెంబరు చివర్లో ఆ ఎర్ర పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. ఖర్చులు రాయలేదని నేను బాధపడ్డాను గానీ, మూడు నెలల లెక్క షాపాయన చక్కగా రాసిపెట్టే ఉన్నాడు, తారీఖులతో సహా.

నెలకి 9,000 సరుకు ఆ షాపులోనే. అందులో 10, 20 రూపాయల వరసలన్నీ కూడితే ఒక నెలలో 1,340. మిక్చరు, బిస్కెట్, షాంపూ ప్యాకెట్. వీటిని దుబారా అనను. కొత్తిమీరకి పంపిన పిల్లాడు ఇంకోటి కూడా పట్టుకొస్తాడు, ఎందుకంటే చేతిలో డబ్బు ఇవ్వాల్సిన పని లేదు, రాస్తే చాలు. జీలకర్ర ఒకే నెలలో మూడుసార్లు ఉంది. ఇంట్లో ఉందో లేదో చూసేకన్నా షాపుకి పంపడం తేలిక.

తర్వాత అందులోంచి 20 వస్తువులు ఎంచుకుని, అదే కంపెనీ, అదే సైజు, ఊళ్లోని హోల్‌సేల్ బజారుకి వెళ్లి నగదు ధరలు రాసుకున్నాను. ఖాతాలో 4,310. బజారులో 3,990. అంటే ఉద్దెరకి కట్టే ధరలో 7.4 శాతం అదనంగా పడుతున్నదే. ఈ లెక్కన 9,000 మీద నెలకి సుమారు 670.

ఈ అంకెని సరుకుల ఖర్చులా చూస్తే చిన్నదే. బాకీ పక్కన పెట్టి చూశాక నాకు నిద్ర పట్టలేదు. 19,600 బాకీ మీద నెలకి 670 అంటే నూటికి నెలకి మూడు రూపాయల నలభై పైసలు. సంఘంలో రూపాయి వడ్డీకి అప్పు దొరికే మనిషి, తనకి తెలియకుండా మూడున్నర రూపాయల వడ్డీ కడుతోంది. దానికి వడ్డీ అన్న పేరు లేదు. కందిపప్పు ధరలో కలిసిపోయి ఉంది.

షాపాయన మోసం చేశాడని ఇక్కడ ఎవరూ అనుకోవద్దు. ఆయన పెట్టుబడి రెండు నెలలు వీళ్ల దగ్గర ఇరుక్కుంటుంది. పది ఖాతాల్లో ఒకటి రెండు మునుగుతాయి. ఆ ఖర్చు ఎవరో ఒకరు మోయాలి. పైగా కరోనా రోజుల్లో ఆయనే ఈ ఇంటికి మూడు నెలలు అడగకుండా సరుకు ఇచ్చాడు. ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పింది.

బాకీ ఎలా తీర్చాలి

మూడు దారులు కనిపించాయి. చిట్టీ పాడటం ఒకటి. 50,000 చిట్టీ, 14 నెలలు కట్టారు. ఇప్పుడు పాడితే కొంత పోతుంది, పైగా అది పాప కమ్మల కోసం దాచుకుంటున్నది. దాన్ని కదిపితే ఇంట్లో గొడవ, ఆమెకి దిగులు. వద్దనుకున్నాం. బంగారం కుదువ పెట్టడం రెండోది. ఆమె ఒంటి మీద ఉన్నదే అంతంత మాత్రం. మూడోది సంఘంలో రూపాయి వడ్డీకి 10,000 అప్పు, మిగతా 9,600 పెళ్లిళ్ల సీజన్‌లో, సంక్రాంతికి కుట్టిన డబ్బు. దీన్నే ఎంచుకున్నాం. అప్పుతో అప్పు తీర్చడం మామూలుగా నేను ఒప్పుకోను. ఇక్కడ మాత్రం తీరేది మూడున్నర రూపాయల వడ్డీ అప్పు, పుట్టేది రూపాయి వడ్డీ అప్పు. పైగా సంఘం అప్పుకి పది నెలల గడువుంది, ఖాతాకి గడువే లేదు.

భర్తకి ఎలా చెప్పాలన్నదే అసలు టెన్షన్. మొత్తం బాకీ ఆమె నోటితోనే చెప్పాలని, నేను ఆ సమయంలో అక్కడ ఉండకూడదని అనుకున్నాం. చెప్పింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు "పుస్తకం తీస్కరా, నేను గూడ చూస్త" అన్నాడట. అంతే. నేను ఊహించినంత రభస జరగలేదు.

జనవరి 20న ఇద్దరూ వెళ్లి బాకీ మొత్తం కట్టేశారు. ఆమె భయం ఏంటంటే, రోజూ ఆ షాపు ముందు నుంచే నడవాలి, రేపట్నుంచి వేరే చోట కొంటే ముఖం ఎలా చూపించాలి అని. నగదు పెట్టి కొంటే ధర ఎంత వేస్తారని అడగమని చెప్పి పంపాను. ఆయన నవ్వి, "నగదు ఇస్తే నేనెందుకు తగ్గియ్యనమ్మా" అని బియ్యం బస్తా మీద 60, పప్పు మీద కిలోకి 8 తగ్గించాడట. హోల్‌సేల్ బజారుకి ఇంకా రెండు మూడు శాతం తేడా ఉంది. ఆటో ఖర్చు తీసేస్తే అది లెక్కలోకి రాదు. షాపు మార్చాల్సిన అవసరమే రాలేదు.

తర్వాత ఇల్లు ఎలా నడిచింది

వాళ్ల నెలని 10 నుంచి 10కి మార్చాం. జీతం 10న వచ్చే ఇంట్లో 1వ తారీఖు నుంచి బడ్జెట్ వేస్తే మొదటి తొమ్మిది రోజులు ఉద్దెర తప్పదు. ఇంత చిన్న సంగతి మొదట్లో నాకూ తట్టలేదు. 10న బియ్యానికి 1,450, పాలకి 2,700, నెల సరుకులకి 4,900 పక్కన. సరుకుల చీటీ అత్తమ్మ వంటింట్లో డబ్బాలు మూత తీసి చూస్తూ చెప్తుంది, పిల్లాడు రాస్తాడు. జీలకర్ర ఒక్కసారే వస్తోంది. కూరగాయలు, గుడ్లు, చికెన్, పిల్లల తిళ్లకి వారానికి 800 చొప్పున నాలుగు కవర్లు, చివరి రెండు మూడు రోజులకి 150. మొత్తం 12,400. కవరు ఖాళీ అయితే పప్పుచారు. ఖర్చు పుస్తకం లేదు. ఎవరూ ఎవర్నీ అడగరు, కవరే చెప్తుంది.

పిల్లలకి శనివారం కవర్లోంచి చెరో 30. ఏం కొనుక్కుంటారో వాళ్లిష్టం. 10, 20 రూపాయల వరసలు నెలకి 600కి దిగాయి. పూర్తిగా ఆపమని నేను అనలేదు.

నూనె సంగతి అత్తమ్మ తేల్చింది. డబ్బా అయిపోయాక మళ్ళీ ప్యాకెట్లకే వచ్చారు. ఓ రోజు నేను వెళ్లేసరికి ఆమె కత్తెరతో ప్యాకెట్ మూల కొంచెమే కోసి, స్టీలు గిన్నెలోకి ఒంపి, చివరి చుక్క కోసం ప్యాకెట్‌ని రెండు వేళ్లతో పై నుంచి కిందికి దువ్వుతోంది. "ఆదివారం కోస్త బిడ్డా. మళ్ళ ఆదివారం దాకా ఇదే. అంతకు ముందు ఒడిస్తే నూనె లేని కూరలే" అంది. నేను రెండు నెలలు కొడుకుతో, కోడలితో మాట్లాడాను. నూనె పోసే మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. ఐదు ప్యాకెట్లు నాలుగు పైచిలుకు అయ్యాయి.

అదే ప్యాకెట్ గురించి ఇంకో ముక్క. లీటరు మంచినూనె అంటే బరువు 910 గ్రాములు. షాపులో ఇప్పుడు అదే ఎత్తున్న ప్యాకెట్లు 850 గ్రాములవి కూడా ఉంటున్నాయి. 142కి 850 గ్రాములది చవక అనిపిస్తుంది. వంద గ్రాములకి లెక్క వేస్తే 16.71 పడుతుంది, 148కి 910 గ్రాములది అయితే 16.26. ప్యాకెట్ మీద యూనిట్ ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడటం పిల్లాడికి నేర్పాం. బియ్యం బస్తాది ఇంకో కథ. 26 కిలోల బస్తా ఎందుకొచ్చిందని వాడు అడిగాడు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ ప్యాకింగ్‌కి 5 శాతం జీఎస్టీ పడింది, అందుకని మిల్లులు కిలో పెంచాయి. వాడికి అది భలే నచ్చింది.

కూరగాయల్లో పేర్లు రాసుకోవడం మానేశారు. "టమాటా రెండు కిలోలు" అని రాసుకుని వెళ్తే 80 ఉన్నా కొంటాం. రైతుబజారులో బోర్డు చూసి, కిలో 40 లోపు ఉన్నవి మూడు, ఆకుకూరలు రెండు. టమాటా పిరమైనప్పుడు గోంగూర, చింతపండు. ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు ఆరు కిలోలు కొని ఒరుగులు ఎండబెట్టుకున్నారు.

కరెంటు దగ్గర చిన్న కిటుకు ఉంది. 200 యూనిట్లు దాటితే మొత్తం శ్లాబే మారిపోతుంది. డిసెంబరులో వీళ్లు కాల్చింది 220. మొదటి 200కి 5.10 లెక్కన, పై 20కి 7.70 లెక్కన 1,174. నీళ్లు కాగబెట్టే 1,500 వాట్ల రాడ్డు రోజూ గంట ఉంచేవాళ్లు, అదొక్కటే నెలకి 45 యూనిట్లు. దాని వాడకం రోజుకి అరగంట కన్నా కొద్దిగా ఎక్కువే తగ్గిస్తే మరుసటి బిల్లు 200 లోపు వచ్చింది. 195 యూనిట్లకి 796. పాతిక యూనిట్లకి 378 తేడా. ఎండాకాలంలో కూలర్ దాన్ని తిరిగి తీసుకుంది లెండి.

ఎంత మిగిలింది, ఎవరి పుణ్యాన

మార్చి 10 నుంచి ఏప్రిల్ 9 దాకా తిండికి, ఇంటి సామానుకి అయింది 11,850. 14,500 నుంచి 2,650 తగ్గింది. ఇదంతా మా ఘనతే అని చెప్పుకోవచ్చు, చాలామంది అలాగే చెప్పుకుంటారు. అప్పటికి కూరగాయల ధరలు బాగా దిగాయి. అదే సరుకుని నవంబరు ధరలతో మళ్ళీ కూడి చూస్తే 12,400 వచ్చింది. అంటే 550 మార్కెట్ ఇచ్చింది, 2,100 ఇంటివాళ్లు మిగిల్చుకున్నది. అందులో చిల్లర వరసల్లో 740, నూనెలో 110, నగదు ధర వల్ల, రెండుసార్లు కొనడం ఆగి, సాచెట్ల బదులు కిలో ప్యాకెట్లు కొనడంతో మిగతాది.

ఇంతా చేసి చేతిలో ఏమీ మిగల్లేదు. పాత లోటు 1,950, సంఘం అప్పుకి వాయిదా, వడ్డీ కలిపి 1,100. మొత్తం 3,050 కావాలి, తగ్గింది 2,650. మిగతా 400 రెండు లైనింగ్ జాకెట్ల కుట్టుకూలితో పూడ్చింది. సంఘం అప్పు తీరాకే కాస్త గాలి ఆడుతుంది.

ఈ కేసు తర్వాత నా ప్రశ్నల వరస మారింది. "నెలకి ఎంత ఖర్చు?" అని మొదలుపెట్టట్లేదు. జీతం ఏ తారీఖున వస్తుంది, ఉద్దెర ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఇంట్లో ఆ సంగతి ఎవరికి తెలియదు, నూనె ప్యాకెట్ ఎవరు కోస్తారు. ఈ ఐదూ తెలిశాకే మిగతావి. బాకీ ఉన్న ఇంటికి టోకు కొనుగోలు చెప్పడం మానేశాను. పాలు, గుడ్లు, పప్పు తగ్గించమని మొదటి మూడు నెలలు ఎవరికీ చెప్పట్లేదు. చెప్పాల్సి వస్తే, ఎవరి గిన్నెలోంచి తగ్గుతుందో అడిగి మరీ చెప్తున్నాను.

జూన్‌లో బళ్లు తెరిచారు. పుస్తకాలు, బూట్లు, ఆటో అడ్వాన్సు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. వీటికి ముందుగా నేను ఏ కవరూ పెట్టించలేదు, అది నా లోపం. ఓ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఈ మధ్య మేడం పోయి అక్క అయ్యాను.

"అక్కా, తిట్టకు. మళ్ళ ఉద్దెర రాయించిన. రెండు వేల రెండొందలు."

"రేటు ఎంత వేసిండు?"

"నగదు రేటే వేయమన్న. రెండు నెలల్లో కడితేనే అన్నడు. ఎర్ర పుస్తకంల తారీఖు గూడ రాపిచ్చిన."

జూలై 10న 1,200 కట్టింది. మిగతా వెయ్యి ఆగస్టు జీతంలో.